బేస్‌మెంట్‌లో ఏదెను తోట

ఆ రోజుల్లో నాకు నోరొక్కటే ఆస్తి. పదో తరగతి లెక్కల పరీక్షకు రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ ప్రశ్నపత్రం మీద జాలిపడి వచ్చేసినవాడిని (రెండు రైళ్ళు ఎదురెదురుగా వచ్చేస్తుంటే ఎప్పుడు కలుస్తాయని అడుగుతారే తప్ప, ఆపండని ఎవరూ అనరేమిటని నా బాధ). ఆ తర్వాత కడియం నర్సరీల్లో అయిదేళ్ళు మొక్కలకు అంటుకట్టాను. ఆ చేతి పనిని చూపించి, కెనడాలో సర్రీ ఊరి అంచున ఉన్న ఒక గాజు పందిళ్ళ నర్సరీలో వర్క్ పర్మిట్ మీద కుదురుకున్నాను. అప్పటికి ఇరవై రెండేళ్ళు. మొక్కల సంగతి తెలుసు, మిగతా ప్రపంచం సంగతి తెలియదు. తెలియనిచోటల్లా నోటితో నెట్టుకొచ్చేవాడిని. నా ఈడు కుర్రాళ్ళు చదువుకుని పైకొచ్చారు. నేను వాగి ఇరుక్కుని, ఇరుక్కున్నచోటునుంచి పాకుతూ పైకొచ్చాను. పాకడం అన్న మాట ఎందుకన్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఉండేది అక్కా బావల ఇంటి బేస్‌మెంట్‌లో. బావ సిటీ బస్సు డ్రైవరు, మంచివాడు, భక్తిపరుడు. బస్సు ఎక్కేవాళ్ళందరికీ గుడ్ మార్నింగ్ చెప్పి, దిగేవాళ్ళందరికోసం మనసులో చిన్న ప్రార్థన చేసుకునే రకం. నెలకొక శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. ఇరవై, పాతికమంది తెలుగువాళ్ళు వచ్చేవారు. ఆ కూడికకు కావలసిన మడత కుర్చీలన్నీ నా గది పక్కనే గోడకు ఆనించి ఉండేవి. ఈ కుర్చీలను కాస్త గుర్తుంచుకోండి.

నర్సరీ యజమాని డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి. గడ్డం ఛాతీ మీదికి ఉండేది కాబట్టి నేను మనసులో గడ్డం దొర అని పేరు పెట్టుకున్నాను. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. (ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. కానీ ఇన్నేళ్ళ తర్వాత గుర్తు చేసుకుంటే నాకు తెలుగులోనే వినపడుతోంది, అలాగే రాస్తాను.) ఒకరోజు పొద్దున్నే ఫెర్న్ కుండీలు సర్దుతుంటే వాటి కిందనుంచి చారల పాము ఒకటి బయటికొచ్చింది. ఇక్కడి తోటల్లో మామూలేనట, విషం ఉండదట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసింది ఒక్కటే, అది నా బూటు మీదుగా వెళ్తోంది. నాతో పనిచేసే పంజాబీ ఆంటీలిద్దరూ బల్ల ఎక్కేశారు. నేను ఎక్కలేదు. ఎక్కాలంటే కాళ్ళు కావాలి, ఆ సమయంలో నా కాళ్ళు నా దగ్గర లేవు. కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. పాము ఒక బూటు దాటి, రెండో బూటు దాటి, తీరిగ్గా అవతలికి పోయింది.

"పుత్తర్, తూ తో శేర్ హై," అంది పెద్ద ఆంటీ బల్ల మీదనుంచి. నువ్వు సింహానివిరా అబ్బాయ్ అని.

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. ఊపిరి తిరిగి రాగానే నా నోరు తెరుచుకుంది. "మా తాత గోదావరి లంకల్లో పాములు పట్టేవాడు ఆంటీ. మా ఇంట్లో పిల్లలం బొమ్మలతో ఎక్కడ ఆడుకున్నాం, పాములతోనే," అనేశాను. (నిజానికి మా తాత దర్జీ. కొలతల టేపు చేతిలోంచి జారి కింద పడితే ఒక అడుగు వెనక్కి వేసి, అది టేపేనని రూఢి చేసుకుని గానీ వంగేవాడు కాదు.) ఆంటీలు నోరెళ్ళబెట్టి విన్నారు. నేను ఇంకో రెండు తాచులు, ఒక కట్లపాము కలిపి చెప్పాను. గడ్డం దొర గుమ్మంలో నిలబడి అంతా విని, గడ్డం నిమురుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్టోబరులో ఆయన నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. తుంటి ఆపరేషనుందని, ఆ తర్వాత సముద్రం అవతల ద్వీపంలో ఉన్న కూతురి దగ్గర ఆరు వారాలుంటానని చెప్పాడు. నేను వినడం లేదు. బల్ల మీద చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా ఉంది, అందులో నారింజరంగు చుట్ట ఒకటి కదులుతోంది. బొటనవేలంత లావు. విప్పితే నాలుగడుగులుంటుందట.

"దీని పేరు బిస్కెట్. కార్న్ స్నేక్. నీకు పాములు అలవాటే కదా."

"పుట్టినప్పటినుంచీ," అంది నా నోరు. నన్ను అడక్కుండానే.

"డబ్బాలో బతకడం దీనికి బతుకు కాదు. చెక్క పెట్టె చేయించాను. నాలుగడుగులది, ముందు గాజు తలుపులు. దాని లోపల అడవి నువ్వు పెంచాలి. నిజం మట్టి, నిజం మొక్కలు. నీ చేతిలో మొక్క చావదు, చూశాను. నేనొచ్చేదాకా నీ ఇంట్లోనే ఉంచు."

జనవరితో నా పర్మిట్ అయిపోతుంది. పీఆర్‌కు, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేయాలంటే ఈయన సంతకంతో లెటర్ కావాలి. నెలరోజులుగా అడగడానికి తిరుగుతున్నాను. "సార్, మరి నా లెటర్…"

"తిరిగొచ్చాక మాట్లాడదాం," అన్నాడాయన.

ఆ ముక్కను నేను మడిచి జేబులో పెట్టుకుని, దారంతా తీసి చూసుకుంటూ ఇంటికొచ్చాను. ఎటు తిప్పి చూసినా ఒకటే అర్థం. ఆయన వచ్చేసరికి పాము బతికుంటే లెటరు. పాము పోతే నేనూ పోవాలి, కడియానికి.

పెట్టెను వ్యానులోంచి దింపడానికి సాయం పట్టింది స్వయానా బావే. "నర్సరీ వాళ్ళ డిస్ప్లేకి బావగారూ, లోపల మొక్కలు పెంచాలి," అన్నాను. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం డబ్బాలో, డబ్బా టవల్ కింద, టవల్ నా బట్టల అల్మరాలో ఉంది. బావ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి ముచ్చటపడ్డాడు. "నీళ్ళు, చెట్లు, పూలు అన్నీ పెడతావన్నమాట. అచ్చం బైబిల్లోని ఏదెను తోటలా."

"అచ్చంగా బావగారూ," అన్నాను. అంతకన్నా నిజం నేను ఆ ఏడాదిలో చెప్పలేదు.

పాము భయం సంగతి పక్కన పెడితే ఆ పెట్టె కట్టిన రోజులు నాకు ఇప్పటికీ ఇష్టం. అడుగున గోలీల్లాంటి మట్టి గుళికలు పోశాను, ఎక్కువైన నీరు అందులోకి దిగిపోవడానికి. దాని మీద సన్నటి వల. వల మీద తోటమన్ను, ఇసుక, కొబ్బరిపీచు పొడి కలిపి జానెడు మందాన పరిచాను. (కొబ్బరిపీచు పొడి ఇటుకలా నొక్కి అమ్ముతారిక్కడ. మా ఊళ్ళో గుట్టలుగా పారేసేది, ఇక్కడ దానికి గాజు అరలో చోటు.) ఎండుటాకులు కావాలి, రోడ్డు పక్క మేపుల్ ఆకులు సంచీకెత్తాను. వాటిలో పురుగూ పుట్రా ఉంటే చావాలి కాబట్టి ఆవిరి పట్టాలని ఫోన్లో చదివాను. ఆవిరి పట్టడానికి ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గిన్నె ఏదో చెప్పనక్కర్లేదు. మర్నాడు పొద్దున్న అక్క ఇడ్లీ తుంచి వాసన చూసింది.

"ఏరా, ఇడ్లీలు అదోలా ఉన్నాయేంటి? తోటలో కూర్చున్నట్టుంది."

"ఇక్కడి మినప్పప్పు అంతేనక్కా. చల్లదేశం పప్పు."

బావ ఇంకో రెండు వేయించుకున్నాడు.

చల్లగా ఉండే మూలన ఒక పగిలిన పూలకుండీని బోర్లా పడుకోబెట్టి, దాని మీద మన్ను పోసి గుట్టలా చేశాను, లోపల దూరి పడుకోవడానికి. రెండో మూల పైన వేడి దీపం, వేడి ఎక్కువైతే తనంతట తను ఆరిపోయేలా దానికో మీట. మనీ ప్లాంట్ నాలుగు తీగలు, ఫెర్న్‌లు, స్పైడర్ ప్లాంట్లు నాటాను. నర్సరీ మొక్కలకు మందు కొట్టి ఉంటారు కదా, ఒక్కో ఆకునూ తడిగుడ్డతో రెండు వైపులా తుడిచాను. పసిపిల్లకు నలుగు పెట్టి కూడా అంత ఓపిగ్గా కడగరు. చివరికి పాచిపనివాళ్ళు. పాము రెట్టను, బూజును తినే చిన్న చిన్న పురుగులుంటాయి, ముట్టుకుంటే ఉండలా ముడుచుకుపోతాయి. అవి పెంచి అమ్మే ఒకాయనను స్కైట్రైన్ స్టేషన్ మెట్ల దగ్గర కలుసుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి పెరుగు డబ్బా అందించాడు, నేను అటూ ఇటూ చూసి కోటులో పెట్టుకున్నాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో ఏమో, అందులో ఉన్నది నలభై పురుగులని చెప్పినా నమ్మరు.

మొక్కలు వేళ్ళు పట్టడానికి రెండు వారాలు ఆగాను. అంతకన్నా ఆగడానికి సాకు దొరకలేదు. ఒక ఆదివారం అక్కా బావా షాపింగుకెళ్ళాక, అక్క ఓవెన్ దగ్గర వాడే క్రిస్మస్ చెట్ల బొమ్మల చేతితొడుగులు రెండూ వేసుకుని అల్మరా తెరిచాను. ఆ తొడుగులతో గరిటె పట్టుకోవడమే కష్టం. బిస్కెట్ నాలుక బయటపెట్టి నా వంక చూసింది. నేను లోపల పెట్టుకుని దాని వంక చూశాను. తొడుగులతో పాము చిక్కదని అర్థమయ్యేసరికి పావుగంట పట్టింది. తీసేశాను. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాను.

జిగటగా ఉంటుందనుకున్నాను. లేదు. పొడిగా, చల్లగా, కొత్త తోలుబెల్టులా ఉంది. మణికట్టు చుట్టూ గాజులా చుట్టుకుని ఆగింది. నేను దాన్ని పట్టుకోలేదు, అదే నన్ను పట్టుకుంది, పడిపోతానేమోనన్నట్టు. అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది, ఈ గదిలో భయపడుతున్నది నేనొక్కడినే కాదేమోనని. పెట్టెలోకి చెయ్యి దించగానే అది నన్ను వదిలేసి ఫెర్న్‌ల కిందికి, మన్ను గుట్ట వెనక్కి జారిపోయింది. దాని ఒంటి రంగు ఎండుటాకుల్లో కలిసిపోయింది. నేను గొళ్ళెం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశాను.

దాని తిండి ఎలుకలు. (కార్న్ అంటే మొక్కజొన్న కదాని మొదట్లో కొంచెం ఆశపడ్డాను.) గడ్డకట్టిన చిట్టెలుకలు షాపులో దొరుకుతాయి. వాటిని ఐస్‌క్రీమ్ డబ్బాలో వేసి, పైన కాకరకాయ ముక్కలు అని రాసి, ఫ్రీజర్‌లో అడుగున పెట్టాను. మా ఇంట్లో కాకరకాయ ఎవరూ తినరు. వారానికొకటి వేడినీళ్ళలో నానబెట్టి ఇచ్చేవాడిని, చక్కగా మింగేది. నవంబరు నడిమికి నాకు కాస్త ధైర్యం కూడా వచ్చింది. అక్కడే దెబ్బ తగిలింది.

ముందు దాని కళ్ళు నీలంగా, పొగ పట్టినట్టు మారాయి. గుడ్డిదైపోతోందనుకున్నాను. తిండి పెడితే ముట్టలేదు. రంగు వెలిసిపోయింది. రెండు రోజులు నేనూ సరిగా తినలేదు. బుధవారం పనినుంచి వచ్చి చూస్తే పాము లేదు.

టార్చి వేసి ఆకులన్నీ వెతికాను. తీగల వెనక, నీళ్ళ గిన్నె కింద చూశాను. లేదు. గుట్ట తవ్వి చూద్దామంటే మన్ను విరిగి దాని మీద పడుతుందేమో. తవ్వకపోతే లోపల ఉందో లేదో తెలియదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పొద్దున్న నీళ్ళు చిలకరించడానికి తలుపు తీశాను. మళ్ళీ గొళ్ళెం వేసే వెళ్ళానా? ఇప్పుడు వేసే ఉంది. కానీ ఇప్పుడు వచ్చీ రాగానే కంగారులో నేనే వేశానేమో. ఎంత గుర్తు చేసుకున్నా ఆ చెయ్యి గొళ్ళెం దాకా వచ్చి ఆగిపోతోంది. గొళ్ళెం పడుతున్న చప్పుడు మాత్రం గుర్తుకు రావడం లేదు.

పెట్టెలోనే ఉందా, ఇంట్లో ఉందా? ఇంట్లో ఉంటే అక్క కంటపడుతుందా, బావ కాలి కింద పడుతుందా, చలిలో బయటికిపోయి చస్తుందా? గురువారం ఫోన్లో ఒక ఉపాయం చదివాను. నేల మీద పిండి చల్లితే పాము పాకిన చార పడుతుందట. అక్క బియ్యప్పిండి డబ్బా తెచ్చి పెట్టె చుట్టూ, గుమ్మం దగ్గర, మెట్ల కింద గీతలు పోశాను. వీధి అరుగుల ముందు చూసి చూసి అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, మూలల్లో తనంతట తనే నాలుగు మెలికలు తిప్పేసింది. శుక్రవారం చూశాను. చార లేదు. అంటే లోపలే ఉందన్నమాట. లేదా నేను పిండి చల్లకముందే వెళ్ళిపోయిందన్నమాట.

శనివారం ప్రార్థన కూడిక.

బావ కుర్చీల కోసం కిందికి దిగుతాడని నాకు గుర్తొచ్చేసరికి ఆయన మెట్ల మీద సగం దాకా వచ్చేసి ఉన్నాడు. అక్కడే ఆగిపోయాడు. ఆయన చూపు నేల మీది పిండి గీతల వెంట వెళ్ళి, మెలికల దగ్గర ఆగి, గాజు వెనక మన్ను గుట్ట మీదికెక్కి, దాని ముందున్న నీళ్ళ గిన్నె మీద వాలింది.

"ఏంట్రా ఇది?"

"పిండి బావగారూ."

"పిండని తెలుస్తోంది. ముగ్గెందుకు వేశావు?"

నేను పెట్టెకు అడ్డం జరిగాను.

"పుట్ట," అన్నాడు బావ మెల్లిగా. "పుట్ట ముందు ముగ్గు. గిన్నెలో పాలు."

"నీళ్ళు బావగారూ."

"నాగుల చవితి అయిపోయి ఎన్నాళ్ళయింది. ఇంకా తీయలేదంటే… మీ తాత చర్చి సంఘంలో పెద్దరా. ఆయన మనవడివై, నా ఇంట్లో, నా కుర్చీల పక్కన, పుట్ట పెట్టి పూజ చేస్తున్నావా?"

నా ముందు రెండు దారులున్నాయి. ఇది పుట్ట కాదు, నిజంగా పాముంది, ఇప్పుడది ఎక్కడుందో నాకు తెలియదు, పైకి పాతికమంది వస్తున్నారు అని చెప్పడం ఒకటి. తల వంచుకోవడం ఇంకొకటి. నేను తల వంచాను.

"ఇంటి మీద బెంగతో బావగారూ," అన్నాను. "తప్పయిపోయింది."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దిగి వచ్చి, గీతలు తొక్కకుండా పక్కనుంచి నడిచి (భక్తి ఎంతున్నా ముగ్గు తొక్కడానికి మనవాళ్ళకు కాలు రాదు), నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "దిగులు పడకు. ఇవాళ నీ కోసమే ప్రార్థన చేద్దాం." ఆయన భుజం మీదుగా నేను కుర్చీల సందులు వెతుకుతున్నాను.

పైన హాలంతా నిండింది. అందరూ తివాచీ మీద, పెద్దవాళ్ళు కుర్చీల్లో. నేను సోఫా చివర రెండు కాళ్ళూ పైకి పెట్టుకుని కూర్చున్నాను. ప్రార్థన మొదలై అందరూ కళ్ళు మూసుకోగానే నేను తెరిచి తివాచీ అంచులు, కర్టెన్ల కుచ్చులు చూసుకుంటూ వెళ్ళాను. ఎవరిదో గోధుమరంగు హ్యాండ్‌బ్యాగ్ పట్టీ నేల మీద మెలి తిరిగి ఉంది. చూసి సోఫా చేతి మీదికి ఎక్కాను.

"కాళ్ళు దించరా, పెద్దవాళ్ళున్నారు," అంది అక్క పెదాలు కదపకుండా.

"తిమ్మిరెక్కిందక్కా."

"పైకి పెడితే తిమ్మిరి పోతుందేంట్రా?"

ఇంతలో బావ లేచి, గద్గద స్వరంతో నా సంగతి సభకు వినిపించాడు. కూడికకు పెద్దదిక్కు రాజమండ్రి ఆంటీ. రిటైరైన నర్సు, ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో పనిచేసిన మనిషి, దేనికీ తొణకదు. అంతా విని కళ్ళజోడు సరిచేసుకుంది. "ఇక్కడ కూర్చుని ప్రార్థిస్తే ఏం లాభం? పదండి, అక్కడికే వెళ్దాం."

"వద్దాంటీ, కింద చలి," అన్నాను. ఎవరూ వినలేదు. ఒకరి వెనక ఒకరు పాతికమంది మెట్లు దిగారు. ఒక్కో మెట్టు మీద ఒక్కో కాలు పడుతుంటే నేను ఆ కాలి కింద చూస్తూ దిగాను.

పెట్టె చుట్టూ మూడు వరుసలుగా నిలబడ్డారు. ఆంటీ గాజు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ బిడ్డ దారి తప్పాడు…" అని మొదలుపెట్టింది. నేనూ చేతులు జోడించాను, నేనూ ప్రార్థించాలనుకున్నాను, కానీ ఏమని అడగాలో తేలలేదు. పాము లోపలే ఉండేలా చూడమంటే, ఉన్నది ఇప్పుడు బయటికొస్తే? బయటికి రాకుండా చూడమంటే, అసలు లోపలే లేకపోతే? రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయి. ఆపేవాడు లేడు. చివరికి, "ప్రభువా, ఉంటే చాలు. తర్వాత నా చావు నేను చస్తాను," అనుకున్నాను.

అప్పుడు గుట్ట కింద మన్ను కదిలింది.

ముందు ముక్కు వచ్చింది. తర్వాత తల, నీలం పోయి నల్లపూసల్లా మెరిసే కళ్ళు. తర్వాత మెడ. మెడ దగ్గర పాత చర్మం, మనం సాక్సు విప్పుకున్నట్టు, వెనక్కి మడతపడి జారుతోంది. కుబుసం విడుస్తోంది. మూడు రోజులూ దానికోసమే లోపల దాక్కుంది. కళ్ళు నీలంగా మారిందీ, తిండి మానిందీ అందుకే. ఫెర్న్ మొదళ్ళకు ఒరుసుకుంటూ, ఆంటీ చేతికి సరిగ్గా ఎదురుగా, గాజుకు అవతలివైపు, బిస్కెట్ నారింజరంగులో తళతళలాడుతూ పైకి లేచింది.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. పాతికమందికి ఆ మెట్లు చాలలేదు. బావ అందుబాటులో ఉన్న కుర్చీ ఎక్కాడు. ఆయన ఎక్కింది మడత కుర్చీ, అది తన పని తాను చేసింది. ఆ గోలలో ఒక్క గొంతు మాత్రం, "స్తోత్రం, స్తోత్రం," అని ఏడుస్తూ అంటోంది. అది నాదే. పుట్టి బుద్ధెరిగాక మనస్ఫూర్తిగా స్తోత్రం చెప్పింది ఆ రోజే.

రాజమండ్రి ఆంటీ కళ్ళు తెరిచింది. చెయ్యి తీయలేదు. పామును చూసింది, గొళ్ళెం చూసింది, నన్ను చూసింది.

"ఎవరూ పరిగెత్తకండి. గొళ్ళెం వేసే ఉంది," అంది. "ఏంట్రా అబ్బాయ్, పూజ అన్నారు. ఇది నిజం పామే కదా?"

"అవునాంటీ."

"అయితే పూజ చేయడం లేదా?"

"లేదాంటీ. పెంచుతున్నాను."

కింద పడి ఉన్న బావ, మడతపడిన కుర్చీలోంచి అన్నాడు, "పూజ చేసుంటేనే బాగుండేది."

నేను అంతా చెప్పేశాను. గడ్డం దొర, ఆపరేషను, లెటరు, జనవరి, కాకరకాయ డబ్బా. (అక్క అక్కడినుంచే వెనక్కి తిరిగి పైకి వెళ్ళింది. ఆ ఫ్రీజర్ తర్వాత మూడుసార్లు కడిగింది. ఇడ్లీ గిన్నె సంగతి మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే నన్ను క్షమించమని అక్కకు మనవి.) ఆంటీ వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టింది.

"ఆయన వచ్చేదెప్పుడు?"

"ఇంకో తొమ్మిది రోజులాంటీ."

"తొమ్మిది నిమిషాలు," అన్నాడు బావ.

"ఏవయ్యా, ఏదెనులో పామును చేసింది కూడా ఆ దేవుడేగా. ఇది గాజు వెనకన్నా ఉంది. కుర్రాడి బతుకు దీని మీద ఆధారపడి ఉంది, తొమ్మిది రోజులు ఓర్చుకో." ఆంటీ మాటకు బావ ఎదురుచెప్పడు. తాళం ఒకటి కొని పెట్టెకు వేసి, చెవి తన దగ్గర పెట్టుకుంటానని మాత్రం షరతు పెట్టాడు.

ఆ తొమ్మిది రోజులూ అక్క నా అన్నం మెట్ల మీద పెట్టి వెళ్ళింది. బావ మాత్రం డ్యూటీ దిగగానే రోజూ వచ్చేవాడు. మొదటిరోజు పై మెట్టు మీదే నిలబడి, "ఉందా?" అన్నాడు. "ఉంది బావగారూ." "చూపించు." రోజుకొక మెట్టు దిగాడు. ఆరో రోజుకు కింద నిలబడ్డాడు. ఎనిమిదో రోజున కుర్చీ (ఈసారి సరిగ్గా విప్పి) వేసుకుని కూర్చుని, "ఆ తీగ కొత్త చిగురేసిందిరా," అన్నాడు. తర్వాత పాము నీళ్ళు తాగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

గడ్డం దొర వాకర్ నెట్టుకుంటూ వచ్చాడు. పెట్టె నర్సరీ హాల్లోకి చేరింది, నేను దాని పక్కన పరీక్ష ఫలితాలప్పటికన్నా ఘోరంగా నిలబడ్డాను. ఆయన వంగి మొక్కలు చూశాడు, ఒక ఆకు తిప్పి చూశాడు, మన్ను చిటికెడు తీసి వాసన చూశాడు. నేను దాచిపెట్టిన కుబుసం అందించాను. ముక్కునుంచి తోక దాకా ఒక్క చిరుగు లేదు. దాన్ని వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సార్, నా లెటరు…"

ఆయన ఆఫీసు గదిలోకి వెళ్ళి సొరుగులోంచి కవరు తెచ్చి ఇచ్చాడు. విప్పాను. కింద సంతకం ఉంది. పైన తేదీ చూశాను. ఆపరేషనుకు ముందురోజుది.

"ఇది… అప్పుడే చేశారా?"

"నీ పనికి లెటరు. పాముకీ దానికీ ఏం సంబంధం?"

ఆ ఆరు వారాలూ నా కళ్ళముందు తిరిగాయి. తొడుగులు, పిండి, మెట్లు, పాతికమంది. "తిరిగొచ్చాక మాట్లాడదామన్నారు కదా సార్."

"ఇప్పుడు మాట్లాడుతున్నాంగా." గడ్డం నిమురుకున్నాడు. "మీ తాత నిజంగా పాములు పట్టేవాడా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. మొదటిసారి అది నా మాట విన్నది. "దర్జీ సార్. టేపు కింద పడినా భయపడేవాడు."

"నాకు తెలుసు. ఆరోజు చారల పాము నీ బూటు ఎక్కినప్పుడు చూశాను. అంతసేపూ నువ్వు ఊపిరి తీసుకోలేదు."

"తెలిసీ నాకే ఇచ్చారా?"

"భయం లేనివాడు తలుపు వేశాడో లేదో చూసుకోడు," అన్నాడాయన. "నువ్వు రోజుకెన్నిసార్లు చూశావు?"

నా చెయ్యి అప్పటికే పెట్టె గొళ్ళెం లాగి చూస్తోంది.

ఇది జరిగి పన్నెండేళ్ళు. మూడేళ్ళ తర్వాత గడ్డం దొర నర్సరీ అమ్మేసి వృద్ధాశ్రమానికి మారుతూ బిస్కెట్‌ను నాకు అప్పగించాడు. ఈసారి నీకు పాములు అలవాటే కదా అని అడగలేదు. ఆయన పోయి కూడా అయిదేళ్ళవుతోంది. ఇప్పుడు నేను ఇలాంటి పెట్టెలు అడిగినవాళ్ళకు కట్టి ఇస్తున్నాను. పాము ఏదైనా సరే, అడవి నాది. ఎలా నేర్చుకున్నారని కొన్నవాళ్ళు అడుగుతారు. మా తాత దర్జీ అండీ అంటాను. వాళ్ళకు అర్థం కాదు, నవ్వేసి ఊరుకుంటారు. బావ రిటైరయ్యాడు. వచ్చినప్పుడల్లా అన్నిటికన్నా ముందు పెట్టె దగ్గరికి వెళ్ళి, "ఉందా?" అంటాడు.

ఉంది. ముసలిదైంది, పదహారేళ్ళు వచ్చాయి, రంగు కాస్త మసకబారింది. ఇప్పటికీ కుబుసం విడిచే ముందు మూడు నాలుగు రోజులు గుట్ట కింద దూరి కనపడకుండా పోతుంది. అందులోనే ఉందని నాకు తెలుసు. గొళ్ళెం వేశానని కూడా తెలుసు, మూడుసార్లు లాగి చూసే కూర్చుంటాను. అయినా ఆ నాలుగు రోజులూ సోఫాలో ఎక్కడ కూర్చున్నా కాళ్ళు నేలకు ఆనవు. మా ఆవిడ దారిన పోతూ ఒక చూపు చూసి, "దించండి, వయసుకు తగ్గట్టుండండి," అంటుంది. తిమ్మిరెక్కిందంటాను, ఆ ఇరవై రెండేళ్ళవాడి గొంతుతో.